అందకుండా పెట్టిన స్ట్రైకర్

ఆసుపత్రి వరండాలో పక్షవాతం వచ్చిన పెద్దాయనతో క్యారమ్స్ ఆడుతున్న కూతురి పక్కన తండ్రి వచ్చి కూర్చున్నాడు.

“ఫోన్లో నువ్వు ఆట వైద్యమంటే ఆటో వైద్యమని వినపడిందమ్మా. నువ్వు మెకానిక్‌వి అవుతున్నావని వీధంతా చాటాను. తీరా చూస్తే ఆటలా?”

“ఆటలతోనే వైద్యం నాన్నా. ఇవాళే నా పరీక్ష. మేడమ్ చూస్తున్నారు, స్ట్రైకర్ ఆయన దగ్గరికి జరపకు.”

“పాపం, అందట్లేదే.”

“కావాలనే దూరంగా పెట్టాను. పడిపోయిన ఆ కుడిచెయ్యి ఒళ్లోంచి లేవాలి. వ్యాయామమంటే విసుక్కుంటాడు గానీ, ఎర్రకాయ కనిపిస్తే వదలడు.”

“అమ్మాయ్, చెయ్యి లేచింది.”

“చూశాను. ఏడుస్తున్నావా?”

“గొంతు సవరించుకుంటున్నా. మా అమ్మాయి బాగుచేసేది బళ్లను కాదు, మనుషులనని వీధంతా మళ్లీ చాటాలిగా.”