తిట్టడానికో మనిషి

సభకు అధ్యక్షత వహిస్తున్న అద్దంకి కోల్డ్ స్టోరేజీ యజమాని బాపయ్యగారికి, మా కంపెనీ పెట్టిన చైతన్యకృష్ణకి, మిర్చి సీజన్లో పనులు వదులుకుని వచ్చిన పెద్దలకి, వెనక వరసలో సెల్‌ఫోన్లు చూసుకుంటున్న మా ప్రోగ్రామర్లకి నమస్కారం. అవి జేబులో పెట్టండి నాయనా. ఈ సంతోషకుమారి ముప్ఫయ్యేళ్ళు బళ్ళో పాఠాలు చెప్పింది, కళ్ళద్దాలు లేకపోయినా చివరి బెంచీ కనపడుతుంది. (నవ్వులు)

ఇందాక చైతన్య ఒక శుభవార్త చెప్పాడు. ఇవాళ్టితో నేను పని మానేస్తున్నా కదా, సోమవారం నుంచి నా కుర్చీలో మెషీను కూర్చుని ఫోన్లు ఎత్తుతుందట. ప్రింటరు సంగతైతే ఒకటి నొక్కాలి, బిల్లు సంగతైతే రెండు నొక్కాలి. మీరంతా చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. అది వద్దని చెప్పడానికే మైకు దగ్గరికి వచ్చాను, శాలువా కోసం కాదు. శాలువా బాగుంది, అది వేరే విషయం.

కొత్తవాళ్ళకి తెలియదు గనక మొదట్నుంచీ చెప్తాను. రెండువేల సంవత్సరంలో చైతన్య ఒంగోలులో కాలేజీ లెక్చరరు. కోల్డ్ స్టోరేజీలో ఏ రైతు మిర్చి బస్తాలు ఏ గదిలో ఏ వరసలో ఉన్నాయో చెప్పే ప్రోగ్రామొకటి సాయంత్రాలు కూర్చుని సరదాకి రాశాడు. లోపలి కోడుతో సహా ఇంటర్నెట్లో పెట్టి, కావాల్సినవాళ్ళు ఊరికే వాడుకోండి, మార్చుకోండి అన్నాడు. ఎక్కడో బ్రెజిల్లో నారింజపళ్ళవాళ్ళు వాడుకున్నారు, పోలండులో యాపిల్‌పళ్ళవాళ్ళు తప్పులు దిద్ది పంపారు. మన జిల్లాల్లో మాత్రం ఒక్కరూ ముట్టుకోలేదు. ఎందుకో అధ్యక్షులవారికి బాగా తెలుసు.

"ఊరికే ఎవడిస్తాడయ్యా, ఇందులో ఏదో మతలబుంది" అన్నారు బాపయ్యగారు. మతలబేం లేదండీ, కోడంతా ఉంది, విప్పి చూసుకోండి అన్నాడీ అమాయకుడు. "చూసుకుని నేనేం చేసుకోను? ఏప్రిల్లో గేటు బయట లారీలు నిలబడినప్పుడు ఇది ఆగిపోతే ఎవర్ని తిట్టాలి? బ్రెజిలోణ్ణా?" (పెద్దగా నవ్వులు, బాపయ్యగారు కూడా)

అదండీ మా వ్యాపార రహస్యం. ప్రోగ్రాం ఇవాళ్టికీ ఉచితమే, కోడు ఇవాళ్టికీ అందరిదీ. ఏడాదికింత అని మేం తీసుకునేది తిట్టించుకున్నందుకు. ఉద్యోగం మానేసి గుంటూరులో జెరాక్స్ షాపు మీద గది అద్దెకు తీసుకున్న చైతన్య, రెండో రోజే ఫోను పక్కన పెట్టి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. రిటైరై ఇంట్లో ఉన్న నా దగ్గరికి వచ్చి, "ఏడో క్లాసులో మీరు తిట్టినట్టు నన్నెవరూ తిట్టలేదు టీచర్, మీకైతే అనుభవం ఉంది" అన్నాడు. తిట్టే అనుభవం వేరు, తినే అనుభవం వేరని వాడికీ తెలియదు, నాకూ తెలియదు.

చేరాక తెలిసింది. ఒకాయన తిడుతుండగా రిసీవరు బల్లమీద పెట్టి, టీ తాగి వచ్చి మళ్ళీ చెవికి పెట్టుకుంటే ఇంకా తిడుతూనే ఉన్నాడు. "లైన్లో ఉన్నావా అమ్మా?" అంటే, "ఉన్నానండీ, రాసుకుంటున్నా" అన్నాను. ఆయన ఈ హాల్లోనే ఉన్నారు, పేరు చెప్పను. (నవ్వులు) ఇవాళ మూడు రాష్ట్రాల కోల్డ్ స్టోరేజీలవాళ్ళు మమ్మల్ని తిడుతున్నారంటే కంపెనీ ఎంత పెరిగిందో చూడండి.

ఇప్పుడొక మాట చెప్తాను. బాపయ్యగారి అనుమతి పొద్దున్నే తీసుకున్నాను. కిందటేడు ఒక మధ్యాహ్నం ప్రింటరు పనిచెయ్యట్లేదని ఫోన్ చేశారు. గొంతులో ఒక్క తిట్టు లేదు. నాకు భయమేసింది. స్విచ్ వేశారా అంటే వేశానన్నారు, కాగితం ఉందా అంటే ఉందన్నారు. అప్పుడు, "మా ఆవిడ పిచ్చమ్మ పోయి నెలైంది టీచరమ్మా. ఇంటికి పోతే పలికేవాళ్ళు లేరు" అన్నారు. ప్రింటరు బాగానే ఉంది. ఆ రోజు ఆవిడ పెట్టే పండుమిరపకాయ పచ్చడి గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం.

చైతన్యా, దానికి ఏ నంబరు నొక్కాలి?

(చైతన్యకృష్ణ లేచి, "మెషీను వద్దులెండి టీచర్" అన్నారు. చప్పట్లు)

అందరూ విన్నారుగా. మాట మారిస్తే ఇంటికొచ్చి తిడతాను. నా కుర్చీలో, నా పక్కనే పని నేర్చుకుంటున్న క్రిస్టీనా కూర్చుంటుంది. మొదట్లో ఏడుస్తుంది, కానీ ఏడుస్తూ కూడా ఫోను పెట్టెయ్యదు, నేను చూశాను. పిల్లని కాస్త చూసి తిట్టండి.

ఇన్నేళ్ళూ నన్ను తిట్టి, మళ్ళీ నాకే ఫోన్ చేసిన మీకందరికీ కృతజ్ఞతలు. బాపయ్యగారూ, రేపట్నుంచి నేను ఇంట్లోనే ఉంటాను. మా ఇంటి నంబరు మీకిస్తాను. ప్రింటరు పాడవక్కర్లేదు. సెలవు.