మూడో వరుసలో టీచర్ గారి చాప

1993 జూన్ పద్నాలుగో తేదీ, సోమవారం ఉదయం ఐదున్నరకు మా యోగా టీచర్ గారు పురపాలక గ్రంథాలయం మేడమీది హాలులో విధులలో చేరారు. ఆనాటి హాజరు పట్టీలో మూడే సంతకాలు ఉన్నాయి. వాటిలో ఒకటి తాళం తీసిన వాచ్‌మన్ గారిది. జనం మరీ తక్కువగా ఉన్నారని ఆయన మొహమాటానికి కూర్చున్నారట. ముప్పై రెండేళ్ళ సేవ ముగించి ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న ఆ వందనీయురాలిని గురించి గ్రంథాలయ పత్రికకు రాయమని గ్రంథాలయాధికారి గారు నన్ను ఆదేశించారు. రెండేళ్ళుగా చాపలు పరవడంలో తోడున్నదాన్ని గనుక నన్నూ సహోద్యోగినిగానే లెక్కవేశారు. నలుగురిలో నోరు విప్పకపోయినా ఈ పిల్ల కాగితం మీద నయమని టీచర్ గారే చెప్పారట.

తొలి పదేళ్ళలో ఆసుపత్రి నర్సులు, బస్సు డ్రైవర్లు, కుట్టుపని చేసుకునే అమ్మలు ఒక్కొక్కరుగా ఆ మేడ మెట్లు ఎక్కారు. ఆసనాలు నేర్పడంతో తన బాధ్యత తీరిపోయిందని టీచర్ గారు ఏనాడూ భావించలేదు. ఒక డ్రైవర్ గారి నడుం నొప్పి ఎంతకూ తగ్గకపోతే స్వయంగా డిపోకు వెళ్ళి, ఆయన సీటులో కూర్చుని చూసి, వీపు వెనుక చెక్క పలక బిగించేదాకా అక్కడినుంచి కదలలేదు. భర్త పోయి దిక్కుతోచక ఉన్న ఒక నర్సు చేత పై పరీక్షకు ఫీజు కట్టించి, పరీక్ష రోజున ఆమె పసిబిడ్డను తానే ఎత్తుకున్నారు. క్లాసు అయ్యాక మెట్ల మీద కూర్చుని టీచర్ గారికి కష్టం చెప్పుకోనివారు మాలో లేరు. ఆమె తన కష్టం ఎవరికి చెప్పుకునేవారో మాలో ఎవరికీ తెలియదు. అడగాలని కూడా మాకు తోచలేదు.

ఆ తరువాత అద్దాలూ పాటలూ ఉన్న వ్యాయామశాలలు వచ్చాయి. జనం అటు తరలిపోయారు. ఒక వానాకాలంలో వరసగా పదకొండు రోజులు హాలుకు ఒక్కరూ రాలేదు. అయినా టీచర్ గారు వేళకు వచ్చి, చాపలన్నీ పరిచి, గంటసేపూ పైకి పాఠం చెప్పి, మళ్ళీ చాపలు చుట్టి వెళ్ళేవారు. వాచ్‌మన్ గారు ఉండబట్టలేక ఒకరోజు అడిగేశారు.

"ఎవరికి చెబుతున్నారు టీచర్?"

"చాపలకి. పరిచినచోట కదలకుండా ఉంటున్నాయి, మీకంటే నయం."

ఈ మాటను వాచ్‌మన్ గారు ఇప్పటికీ నవ్వుతూ చెబుతారు. రాస్తుంటే నాకు నవ్వు రాలేదు.

టీచర్ గారి కుడి ఎడమలను ప్రస్తావించకపోతే ఈ వ్యాసం అసంపూర్ణమవుతుంది. ఆమె మాకు ఎదురుగా నిలబడి నేర్పుతారు కనుక, మేము తడబడకుండా ఉండేందుకు "కుడి చెయ్యి" అంటూ తాను ఎడమ చెయ్యి ఎత్తుతారు. ఆ అలవాటు హాలు దాటి బయటికీ వచ్చేసింది. ఫోనులో ఆమె చెప్పిన దారి పట్టుకుని ఆమె కొత్త ఇంటికి బయలుదేరిన వారి అన్నయ్య గారు ఎవరింట్లోనో సోఫాలో కూర్చుని మంచినీళ్ళు కూడా తాగారట.

"ఈసారి దారి చెప్పకే చెల్లాయ్, వీధి చివర నిలబడు చాలు," అని ఆయన నేటికీ దెప్పుతుంటారు.

టీచర్ గారి స్థానంలో కొత్తవారిని నియమించడం లేదు. ఎవరైనా ముందుకు వచ్చి నడిపితే సరే, లేకుంటే వచ్చే నెల నుంచి ఆ హాలులో పాత పుస్తకాలు పెడతారు. గత సోమవారం టీచర్ గారు నన్ను ముందుకు పంపి, మూడో వరుసలో నేను ఖాళీ చేసిన చాప మీద తాను కూర్చున్నారు. నా గొంతు మొదటి వరుస దాటలేదు.

"కాస్త గట్టిగా చెప్పవే తల్లీ, మా చెవులకి వయసొచ్చింది," అన్నారు, మేమంతా కుట్టుమిషను అత్తయ్య అని పిలుచుకునే ఆవిడ.

"కుడి చెయ్యి పైకి," అన్నాను, నా ఎడమ చెయ్యి ఎత్తి.

అందరి కుడి చేతులూ లేచాయి. టీచర్ గారిది మాత్రం ఎడమ చెయ్యి లేచింది.

"ముప్పై రెండేళ్ళకి దొరికారు టీచర్," అన్నారు నడుం నొప్పి డ్రైవర్ గారు. హాలంతా నవ్వింది. ఆమె కూడా నవ్వుతూ చెయ్యి మార్చుకున్నారు.

"ఏం చేయను బాబూ. చూసి ఎత్తడానికి నా పక్కన ఎప్పుడూ ఎవరూ లేరుగా."



అందరూ వెళ్ళాక చాపలు చుడుతుంటే ఆమె నన్ను అడిగారు. "ఒకటో తారీకు నుంచి నువ్వు చెబుతావామ్మా?"

నేను చాపకు తాడు ముడి వేస్తూనే ఉండిపోయాను. ఆమె రెండోసారి అడగలేదు. కిటికీలు ఒక్కొక్కటే మూసి, ఫ్యాన్లు ఆపి, మెట్లు దిగి వెళ్ళిపోయారు.

ఆనాడు నోటితో ఇవ్వలేకపోయిన జవాబును, వారి అన్నయ్య గారూ మా తోటివారందరూ చదివే ఈ సంచికలో సవినయంగా మనవి చేసుకుంటున్నాను. చెబుతాను టీచర్. ఒకటో తేదీ ఉదయం ఐదున్నరకు హాలు తెరిచే ఉంటుంది. మూడో వరుసలో మీ చాప పరిచి ఉంటుంది. మీకు ఒక పక్కన కుట్టుమిషను అత్తయ్య, మరో పక్కన డ్రైవర్ గారు కూర్చుంటారు. వారిని అడిగే రాస్తున్నాను. మీ కుడి ఎడమలు కలిసిపోయినా ఫరవాలేదు. ఆ రెండు చేతులనూ రోజూ పైకెత్తగలిగే ఆరోగ్యం, సత్తువ మీకు నిండు నూరేళ్ళూ ఉండాలని మనసారా కోరుకుంటున్నాను.