నూటికి నూరూ సిద్ధం

1999 డిసెంబరు ఆఖరు. నారిన్ పట్నానికి ఎగువన, కిర్గిజ్ కొండల్లో చిన్న ప్రసూతి ఆసుపత్రి. కొత్త సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ మర్చిపోతాయన్న గండం సంగతి తేల్చడానికి ఆరోగ్యశాఖ నుంచి కెనెష్ వచ్చి కూర్చున్నాడు. పెద్ద డాక్టరమ్మ బురుల్‌కి అప్పటికే ఒళ్ళు మండిపోతోంది.

“ఏమనుకోకండక్కా, మళ్ళీ అడుగుతున్నా. కంప్యూటర్లెన్ని?”

“లేవన్నాను కదయ్యా.”

“ఒక్కటీ?”

“ఒక్కటీ లేదు! ఉన్నదల్లా ఓ జనరేటరు. దాన్లో డీజిలు అడుగంటింది, ఇప్పించమని చలి మొదలైనప్పట్నుంచీ మొత్తుకుంటున్నా. చీకటి పడితే కరెంటుండదు. నెలలు నిండని పాప వెచ్చటి పెట్టెలో ఉంది. పెట్టె చల్లబడితే ఆ పిల్ల దక్కదు, తెలుసా?”

“డీజిలు వేరేవాళ్ళు చూస్తారక్కా. నాది తేదీల పని. ఆ పెట్టెలో తేదీ ఉందా?”

“ఓ బల్బుంది, ఓ మీటుంది.”

“అదృష్టవంతులు! రెండువేలు రాగానే కంప్యూటర్లన్నీ పంతొమ్మిది వందలనుకుని మొరాయిస్తాయట. బిష్కెక్‌లో మా పెద్దాయనకి నిద్ర లేదు.”

“ఆయనకి నిద్ర లేదు, నాకు డీజిలు లేదు. ఇద్దరం ఇద్దరమే!”

“పోనీ, జనరేటర్లో ఏమన్నా తేదీ...”

“దాన్ని చేత్తో తిప్పి స్టార్టు చెయ్యాలయ్యా! తిప్పీ తిప్పీ భుజం పడిపోయింది నాకు.”

“తిరుగుతుందా మరి?”

“భేషుగ్గా తిరుగుతుంది. డీజిలు పోస్తే.”

“ఓహో. భేషుగ్గా.”

“ఏమిటా రాత? డీజిలు సంగతేనా?”

“అలాంటిదే. పైకి పంపిస్తాగా.”

“డాక్టరమ్మా! ఐనురాకి నొప్పులు ఎక్కువయ్యాయి!”

“వస్తున్నా జూరా, నీళ్ళు కాచు! విన్నావా, కెనెష్? అక్కడ మా నర్సు ఒక్కతే తంటాలు పడుతోంది, నువ్విక్కడ తేదీలు ఏరుకుంటున్నావు. ఆ టీ తాగెయ్, ఆ బోర్సోక్ రొట్టెముక్కలు జేబులో పోసుకో, వెళ్ళు నాయనా.”

“ఒక్క మాట. సిద్ధమా, కాదా?”

“దేనికి సిద్ధం? చలికా? చీకటికా?”

“కొత్త సంవత్సరానికి. చెడిపోవడానికి మీ దగ్గర కంప్యూటరే లేదాయె. సిద్ధమని సంతకం పెట్టేస్తే నా దారిన నేను పోతా.”

“పెడితే డీజిలు వస్తుందా?”

“పెట్టకపోతే ఇక్కడే కూచోవాలి నేను. ఉత్తర్వు అది.”

“అమ్మ బాబోయ్! ఇటు తే. ఇదిగో సంతకం. నూటికి నూరూ సిద్ధమని రాసుకో, చాలా?”

“చాలక్కా. చల్లగా ఉండండి.”

“ఈ చలిలో ఆ దీవెనొకటి!”

“డాక్టరమ్మా! కరెంటు పోయింది! జనరేటరు తిప్పుదామని వెళ్తే ఎవరో మగాళ్ళు నన్ను దగ్గరికి రానివ్వడంలేదు! బోల్టులు విప్పేస్తున్నారు! లారీ కూడా తెచ్చుకున్నారు!”

“దొంగలా? కెనెష్, లే! చూస్తావేం, పరిగెత్తు! పాప పెట్టె చల్లబడిపోతుంది!”

“దొంగలు కాదక్కా.”

“మరెవరు?”

“మావాళ్ళే.”

“మీవాళ్ళా? మా జనరేటరుతో మీకేం పని?”

“నారిన్ పెద్దాసుపత్రిలో ఇరవై కంప్యూటర్లున్నాయక్కా, వాళ్ళింకా సిద్ధంగా లేరు. సిద్ధమైనవాళ్ళ జనరేటర్లన్నీ వాళ్ళకి చేర్చమన్నారు.”