ప్రసన్న వీసాకి కట్టిన ఫీజు

కాదు బాబూ, నన్ను మళ్ళీ మూడో కౌంటరుకి పంపకండి! ఆవిడ మీ దగ్గరికెళ్ళమంటాది, మీరు ఆవిడ దగ్గరికెళ్ళమంటారు. నానేటి, ఈ రెండు బల్లల మధ్య తిరిగే ఆటోనా?

సరే, కూచోమన్నారు కదా, కూచుంటాను.

శివరామ్ బాబూ, మీరిక్కడ మేనేజరు, మన బరంపురం పిల్లోడు. మీ నాన్నగారి బట్టల కొట్లో బేళ్ళు దించినోణ్ణి నాను, మసేనుని. సాయంత్రాలు పిల్లలకి బరువులెత్తడం నేర్పుతాను కదా, ఆ మాస్టార్ని. అంచేత సూటిగా అడుగుతాను. నాకొక్క కాయితం కావాల. ‘మా బ్యాంకు తప్పు వల్ల లక్ష్మీప్రసన్న వీసా ఫీజు ఎళ్ళలేదు’ అని. కింద మీ సంతకం, గుండ్రటి సీలు. అంతే!

ఎవరా పిల్లంటారేటి? పేపర్లో బొమ్మ పడింది కదా బాబూ! అస్కా దగ్గర సెరకు నరికే సూరయ్య కూతురు. పదమూడో ఏట నా దగ్గరికొచ్చింది, ఊదితే పడిపోయేలాగ. ఇప్పుడు అది బార్ ఎత్తి కింద పడేస్తే మా షెడ్డు రేకులు అదురుతాయి.

యూరప్‌లో ఏదో దేశంలో జూనియర్ పోటీలు. ఆ దేశం పేరు నాకు నోరు తిరగదు. టిక్కెట్టు బరువులెత్తే సంఘం వాళ్ళు ఇస్తామన్నారు. వీసా ఫీజు మాత్రం మీ ఊర్నించి మీరే కట్టుకోండి, గడువు పదిహేను రోజులు అన్నారు. వచ్చే ఏటికి పిల్ల జూనియర్ వయసు దాటిపోతాది. ఇదే ఆఖరి పిలుపు.

మరి మీవాళ్ళేటి సేసేరు? నోట్లు పట్టుకొస్తే నోట్లు పనికిరావన్నారు. కార్డుందంటే, ఇది ఊళ్ళో తిరిగే కార్డు, పరాయి దేశంలో సెల్లదన్నారు. సెల్లాలంటే ఓ ఫారం. ఫారానికి ఫొటో. ఫొటోలో నాకు మీసం ఉంది, పాస్‌బుక్కులో నేదు. కాబట్టి నాను నాను కాదన్నారు! ముప్ఫై ఏళ్ళ మీసం బాబూ, తీయించుకుని వచ్చేను. ఆరోజు ‘లింకు నాహిఁ’, లింకు నేదన్నారు. మర్నాడూ ‘లింకు నాహిఁ’. మూడోనాడు లింకొచ్చింది, దాన్ని సూసే గుమస్తా భంజనగర్‌లో పెళ్ళికి పోయేడు!

ఫోనుకి ఏదో నంబరొస్తాది, అది కొట్టాలన్నారు. వచ్చింది. కళ్ళజోడు తగిలించుకునే లోపల దాని గడువు అయిపోయింది. నా వయసోడికి కళ్ళజోడు పెట్టుకునే టైమైనా ఇవ్వరేటి?

ఆనక మీ సర్వరు పడిపోయింది. ఫీజు ఎళ్ళలేదు, పిల్లా ఎళ్ళలేదు. పోటీలు నిన్న మొదలైపోయాయి కూడాను.

సూరయ్య ఊళ్ళో అందరికీ సెప్పేడు. సోమవారం ఆ ఊరోళ్ళంతా వచ్చి మీ దగ్గర ఖాతాలు మూసేస్తారట. అదీ మీకే నష్టం! తప్పయిందని ఓ ముక్క రాసిచ్చేరనుకోండి, ఆళ్ళకి నాను నచ్చజెప్పుకుంటాను.

ఏటది? కంప్యూటరు ఇటు తిప్పుతారెందుకు?

పదకొండో తారీకు... సాయంత్రం నాలుగూ పది... ఎళ్ళింది... అవతల అందింది...

సూసేను బాబూ, సూసేను. ఆ ఫ్యాను కాస్త పెంచుతారా?

ఎళ్ళిందని నాకు తెలుసు. ఆ సాయంత్రం గేట్ బజార్లో నానూ పిల్లా రసగుల్లా కూడా తిన్నాం.

వీసా దరఖాస్తులో ఓ ప్రశ్న ఉంది బాబూ. దేశం లోపల్నించి కడుతున్నారా, బయట్నించి కడుతున్నారా, అని. దానికి తగ్గ ఫారం కంప్యూటరు తెరుస్తాది. పిల్ల సదివి, ఆగింది. ‘మాస్టారూ, ఇది ఆళ్ళ దేశం గురించి అడుగుతున్నాదేమో. మనం బయట కదా?’ అంది.

నానేటన్నానో తెలుసా? ‘బరంపురం నడిబొడ్డున కూచుని, దేశం బయట ఉన్నామని రాస్తావేటే? సూసినోళ్ళు నవ్వరూ? లోపలని నొక్కు!’

మళ్ళీ అడిగింది. ‘నిజంగానా మాస్టారూ?’ కంప్యూటరు సెంటర్లో నలుగురూ ఇంటున్నారు. నాకు ఇంగ్లీషు రాదని ఆళ్ళకి తెలిసిపోతాదని అరిసేను. ‘నీకు తెలుసా, నాకు తెలుసా? నొక్కు!’

నొక్కింది. ఏడేళ్ళుగా నాను ఏటి సెప్తే అదే సేసిన పిల్ల కదా.

ఫీజు కట్టిన ఎనిమిదో నాడు ఫోన్లోకి జవాబొచ్చింది. ‘మీరు మా దేశంలో లేరు, ఈ దరఖాస్తు సెల్లదు, కట్టిన ఫీజు తిరిగి రాదు’ అని. పిల్లే సదివి నాకు తెలుగులో సెప్పింది. మళ్ళీ కట్టడానికి గడువు నేదు. నన్ను ఒక్క మాటనలేదు. నాకేసి సూడనూ నేదు. ఎల్లి బార్ తుడుసుకుంది.

ఆళ్ళ నాన్నకి మాత్రం, బ్యాంకు సర్వరు పడిపోయిందని సెప్పింది. ఈ పొద్దున నా దగ్గరికొచ్చి, ‘మాస్టారూ, మీరూ అదే సెప్పండి. ఇద్దరం సెరో మాటా అంటే బాగోదు’ అంది. ఇరవయ్యేళ్ళ పిల్ల! నాకు నేర్పుతున్నాది!

నానేటి సేసేను? సిగ్గుపడి ఇంటికి పోయేనా? నేదు. సొక్కా మార్చుకుని తిన్నగా మీ దగ్గరికొచ్చేను, ఆ అబద్ధానికి సీలేయించుకుందామని.

రాయనంటారు. అవును, మీరు రాయకూడదు.

అస్కా బస్సు రెండింటికుంది. ఎల్తాను, సూరయ్యకి నానే సెప్తాను. మీ ఖాతాలకేటీ కాదులెండి.

కానీ ఒక్క మాట శివరామ్ బాబూ. నన్ను పెద్దమనిషిలాగ గుమ్మం దాకా సాగనంపకండి. మీరు రాసిచ్చుంటేనా, తీసుకుపోయీవోణ్ణే. ఆ కాయితం సూరయ్య సేతిలో పెట్టి, ‘సూసేవా, తప్పంతా ఆళ్ళదే’ అని, ఆళ్ళింట్లోనే టీ తాగి వచ్చీసీవోణ్ణి.