ఎలుగు తవ్విన గడ్డ

అంకాలమ్మ అని, నల్లమల కింద గొల్లపల్లెలో ఉండేదంట. మనిషి గట్టిది, నోరు ఇంకా గట్టిది. కొడుకు గురవయ్య పాలకని ఒక మేకను ఇంటికాడ ఉంచి, మిగతా మేకల్ని తోలుకోని దూరం పోయినాడు, ఇంట్లో అత్తా కోడలూ ఇద్దరే. కోడలు పేరమ్మ, మైదానం పిల్ల, మెత్తన. ఆ పిల్ల పొయ్యి రాజేసినా తప్పే, కుండ దించినా తప్పే అనుకో. ఇంతలో ఏమైందంటే, పేరమ్మ కనింది. ఆడపిల్ల, బంగారు తునక. కానీ పాలు పడలా! పాప రొమ్ము పట్టుకుంటది, లాగుతది, ఏమీ రాక వదిలేసి ఏడుస్తది. మేకపాలు గుడ్డతో పిండితే కక్కేసింది. ఏడ్చీ ఏడ్చీ గొంతు పోయి, కోడిపిల్ల మాదిరి కీచుమంటా ఉందంట. అంకాలమ్మకు కడుపు మండి, "పిల్లకు గుక్కెడు పాలన్నా ఇయ్యలేవు, ఎందుకొచ్చినావే మా ఇంటికి" అనేసింది. పేరమ్మ అత్త చేతులు పట్టుకోని, "నన్నేమన్నా అను అత్తా. పాపను మాత్రం బతికించు. ఈడ నాకు నువ్వు తప్ప ఎవురున్నారు?" అనిందంట. ఆ మాటకు ముసలామె లేచి కొంగు బిగించింది.

మంత్రసాని దగ్గరికి పరిగెత్తితే, కొండమీద పిల్లిపీచర ఉంటది, దాని గడ్డలు తెచ్చి పాలల్లో కాచి తాగించు, మా అమ్మ కాలం నుంచీ బాలింతలకు అదే మందు అని చెప్పిందంట. మీరు చూసే ఉంటారు, ముళ్లతీగ, సన్నాకు, కింద చేతివేళ్లలాగా గుత్తిగా తెల్లటి గడ్డలు. ఒళ్లు మంటలకూ నీరసానికీ కూడా తాగుతారు. అయితే అది నడిఎండాకాలం. తీగంతా ఎండి, ఏది పిల్లిపీచరో ఏది ఉత్త ముళ్లకంపో తెలియదు. అంకాలమ్మ గడ్డపార భుజాన పెట్టుకోని కొండంతా తిరిగింది, తిరిగింది, చేతులు గీరుకపోయినాయి, ఒక్క గడ్డ దొరకలా. అప్పుడు బండ అవతల బుసబుసమని చప్పుడు. తొంగి చూస్తే ఎలుగుబంటి! వీపు మీద పిల్లను ఎక్కించుకోని మన్ను తవ్వుతా ఉంది. ఆ గుంతలో ఏముందనుకుంటారు? పిల్లిపీచర గుత్తి, తెల్లగా మెరుస్తా ఉంది. అంకాలమ్మ చేతిలో గడ్డపార జారి బండ మీద ఖంగుమనింది. ఎలుగు రెండు కాళ్ల మీద లేచి నిలబడింది. ఏం చేస్తది ముసలామె, చేతులు జోడించింది. "తల్లీ, నీ వీపున ఒకటుంది, నా ఇంట్లో ఒకటుంది. దానికి పాలు లేవు. నీ ముందర అబద్ధమెందుకు, దాని తల్లిని నేనే ఏడిపించినా. నాలుగు గడ్డలు ఉండనీ తల్లీ" అనిందంట. ఎలుగు తిరిగి మాట్లాడిందని చెప్పేవాళ్లున్నారు. నేను చెప్పను. ఎలుగెందుకు మాట్లాడతది? ఒకసారి గట్టిగా ఊపిరి వదిలి, పిల్లను సర్దుకోని పొదల్లోకి పోయింది, అంతే.

అంకాలమ్మ సగం గడ్డలు కోసుకోని, మిగతావి మొదలుతో సహా గుంతలో పెట్టి మన్ను కప్పింది. ఆ మన్నుకు మొక్కింది. ఇంటికొచ్చి గడ్డలు తోలు తీసి, దంచి, మేకపాలల్లో కాచి, బెల్లమేసి, తనే ఊది చల్లార్చి "తాగమ్మా" అనింది. పేరమ్మ గిన్నె అందుకోకుండా అత్త మొహమే చూస్తా ఉండిపోయిందంట. పూటపూటకూ అట్లనే తాగించింది. తాగించగా తాగించగా ఒకనాడు తెల్లవారి పాప గుటుక్ గుటుక్ మని మింగే చప్పుడు గుమ్మం దాకా వినబడింది. అంకాలమ్మ గుమ్మంలో కూలబడి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "ఎందుకత్తా ఏడుస్తావు? పాలు పడినాయి గదా" అని పేరమ్మ. "పడినాయమ్మా. అందుకే."

అప్పట్నుంచీ ఏటేటా ఇప్పపూలు రాలే కాలానికి ఒక గంపెడు పూలు ఆ బండ కాడ పెట్టి వచ్చేదంట. ఎలుగు తింటదో ఉడత తింటదో నీకేం తెలుసు అని జనం నవ్వితే, "ఎవురు తింటే ఏం, పెట్టాల్సింది నేను" అనేది. గడ్డ మహిమో, ఎలుగు దయో, అత్త చేతి తీపో, ఏది పనిచేసిందో నాకు తెలియదు. ఆ పాపే మా అమ్మ. పడుకుంటే ఇల్లదిరేటట్టు గురక పెట్టేది, నువ్వు తాగిన పాలల్లో ఎలుగు వాటా కూడా కలిసిందే అని మా నాయన నవ్వేవాడు. కలిస్తే కలవనీ. ఆ ఎలుగు పేరు చెప్పుకోని మేం ఏడుగురం పుట్టినాం.