‘ఇల్లే’ అన్న మాటకు ఇంకో అర్థం

అధ్యక్షులుగా కూర్చున్న మా హెడ్‌మాస్టరు పురుషోత్తం గారికి, మెదడుకు వ్యాయామం ఎలా చెయ్యాలో ఇందాకే విడమరచి చెప్పిన ముఖ్య అతిథి డాక్టరు రాజగోపాల్ గారికి, ముందు వరసలో టీచరు చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆమె భర్త మునస్వామి అన్నకు, వెనకనుంచి సాంబారు వాసన వస్తున్నా మర్యాద కోసం కదలకుండా ఉన్న తోటి ఉపాధ్యాయులకు, కుప్పం నుంచి, పుంగనూరు నుంచి బస్సులు మారి మదనపల్లె దాకా వచ్చిన టీచరు పాత శిష్యులకు, ఆ కిటికీల్లో ఎక్కి కూర్చున్న ఇప్పటి పిల్లలకు, మీరందరూ కప్పిన శాలువాల కింద మొహం మాత్రమే కనబడుతున్న మా శాంతకుమారి టీచరుకు నమస్కారం.

నన్ను పిలిచే ముందు పురుషోత్తం గారు నా చెవిలో ఒక మాట చెప్పారు. “గంగాధరా, ఈ పొద్దన్నా కొట్లాడొద్దప్పా. నాలుగు మంచి మాటలు చెప్పి దిగు.” అలాగే సార్, మంచి మాటలే చెబుతాను. అవి మెత్తగా ఉంటాయని మాత్రం మాటివ్వలేను. (నవ్వులు)

డాక్టరు గారు చెప్పినవి మంచివే. రోజూ అంకెల గళ్లు నింపమన్నారు. పేపర్లో వచ్చే పదాల గళ్లు నింపమన్నారు. ఎడమచేత్తో పళ్లు తోముకోమన్నారు. నూరు నుంచి ఏడేడు తీసేస్తూ వెనక్కి రమ్మన్నారు. ఆఖరున టీచరు ఫోన్లో ఒక యాప్ కూడా వేసిచ్చారు. అది రోజూ పొద్దున గంట కొట్టి పిలుస్తుందట, సరైన జవాబు చెబితే పచ్చ నక్షత్రం ఇస్తుందట. మునస్వామి అన్న పోయిన నెలలో ఆమె చేతికి తాయెత్తు కట్టించాడు, డాక్టరు గారు ఈ పొద్దు ఆమె ఫోనుకు కట్టారు. (నవ్వులు) కోపం వద్దు డాక్టరు గారూ, రెండూ ఒకటే అని నేననను. గళ్లు నింపితే ఎవరికీ చెడు జరగదు. పోయిన జ్ఞాపకాన్ని అవి తిరిగి తెస్తాయని మీరు అనలేదు కూడా, ఆ నిజాయితీకి దండం. నా గొడవ వేరే. బతుకంతా రోజూ పొద్దున్నే తన బుర్రకూ పక్కవాళ్ల బుర్రకూ పని పెట్టిన మనిషి దగ్గర్నుంచి ఆ పని లాగేసుకుని, ఇప్పుడు సన్మానం చేసి పజిళ్ల పుస్తకం చేతిలో పెట్టడం ఉందే, అది బావి పూడ్చేసి చేంతాడు బహుమతిగా ఇచ్చినట్టుంది.

ఆ పని ఏమిటో కిటికీల్లో ఉన్న పిల్లలకు తెలుసు, వేదిక మీద ఉన్నవాళ్లలో కొందరికి తెలియదు, అందుకని చెబుతాను.

ప్రార్థన అయిపోయాక, హాజరు పిలవకముందు, టీచరు ఒక పొడుపు కథ వేసేది. అందులో వింత లేదు, మన అవ్వలందరూ వేసినవే. వింతంతా జవాబు వచ్చాక ఉండేది. ఎవడో ఒకడు సరైన జవాబు చెప్పేవాడు. “సరే,” అనేది ఆమె, “ఇంకోటి?” మొదటి జవాబు సరైనదే, దాన్ని కొట్టేసేది కాదు, అది ఉండగానే ఇంకోటి కావాలి. మొదటిది చెప్పినవాడు తన జవాబే గొప్పదని వాదించాలి, రెండోది చెప్పినవాడు తనదీ నిలుస్తుందని వాదించాలి. పిల్లలు ఆమెను వెనకాల ‘ఇంకోటమ్మ’ అనేవాళ్లు. ఏమ్మా, నీకు తెలుసా ఆ పేరు? (టీచరు తల ఊపారు. నవ్వులు) తెలుసంట.

ఒక పొద్దు నేను వరండాలో నిలబడి విన్నాను. “తినేకొద్దీ ఆకలి పెరిగేది ఏంది?” అని అడిగింది.

“నిప్పు టీచర్,” అన్నాడొకడు.

“సరే. ఇంకోటి?”

“మా మేక!” (నవ్వులు)

“మీ మేకకు సందేళకు కడుపు నిండతాది గదప్పా, నెమరేస్తా పండుకుంటాది. సూడలేదా నువ్వు? ఇంకోటి?”

“బోరు టీచర్. మా నాయన ఎంత లోతుకు దించినా ఇంగా లోతుకు పొమ్మంటాది.”

“బాగుండాది. ఇంకోటి?”

వెనక బల్లలో మంజుల అనే పిల్ల, బడిలో నోరు తెరవగా ఎవరూ చూడని పిల్ల, లేచి నిలబడింది. “బ్రాందీషాపు టీచర్. మా నాయన్ని తినేసింది. దానికింగా ఆకలిగానే ఉండాది.”

ఆ పొద్దు టీచరు ‘ఇంకోటి’ అనలేదు.

నేను సైన్సు చెబుతాను. ఎన్నో ఏళ్లుగా మెదడు బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, పిల్లల చేత బట్టీ పట్టించి మార్కులు వేయిస్తున్నాను. మెదడు పనిచెయ్యడం కళ్లారా చూసింది మాత్రం ఆ పూట, ఆ వరండాలో. తన ఇంట్లో జరిగినదాన్ని తీసుకొచ్చి, ఎవరో వేసిన ప్రశ్న పక్కన పెట్టి, ఇది అదే కదా అని పోల్చుకోవడం కంటే పెద్ద కసరత్తు ఏముంది? అది చేసిన పిల్లను అందరూ లేచి మెచ్చుకోవాలి. మన ఊర్లో ఏం జరిగిందో మీకు తెలుసు. ఆ షాపు నడిపే గంగులయ్య గారే మన బడి కమిటీలో పెద్దమనిషి. “పిలకాయలకు పాఠాలు చెప్పమని పెడితే ఆయమ్మ పొడుపు కథలేసుకుంటా కూసోనుండాది, సిలబస్ యాడ పోవల్ల?” అని ఆయన అడిగారు. అడగాల్సిన చోట అడిగారు. వారం తిరక్కుండా టీచరు తరగతి ఇంకొకరికి పోయింది, మధ్యాహ్న భోజనం గుడ్ల లెక్కా ఫోన్లో ఫొటోలు ఎక్కించే పనీ ఆమెకు వచ్చాయి. పొద్దున పొడుపు కథ బదులు ఇప్పుడు బిట్లు చెప్పిస్తున్నాం, ఒక ప్రశ్న, నాలుగు గళ్లు, ఒకటే సరైనది, దాన్ని నింపితే బుద్ధిమంతుడు. గంగులయ్య గారు ఈ సభకు రాలేదు గానీ శాలువా పంపించారు. అదిగో, పైనుంచి రెండోది. (నవ్వులు)

నవ్వింది చాలు. రెండేళ్లు ఆమె వంటగది పక్క గదిలో కూర్చుంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు, ఆమె ఎవర్నీ ఏమీ అడగలేదు. జబ్బు అందువల్లే వచ్చిందని నేను చెప్పలేను, సైన్సు చెప్పేవాణ్ని, రుజువు లేని మాట అనను. కానీ ఆ గదిలో కూర్చోబెట్టినప్పుడు ఆమె మనస్సుకు ఏమవుతుందో మనలో ఒక్కరం ఆలోచించలేదు, అది మాత్రం రుజువు అక్కర్లేని మాట.

మొన్న వేసవి ముందు ఒకరోజు ఆమె బడికని బయల్దేరి వేరే బస్సెక్కి కలికిరిలో దిగింది. ఎప్పుడో పాతికేళ్ల కింద పనిచేసిన బడి గేటు ముందర నిలబడి, తాళం ఎందుకు తియ్యలేదని అక్కడి వాచ్‌మన్‌ని కోప్పడింది. ఆ మాట ఇక్కడికి ఆమె కంటే ముందే చేరింది. పైనుంచి జ్ఞాపకశక్తి పరీక్ష చేయించుకు రమ్మన్నారు. మునస్వామి అన్నకు ఒంట్లో బాగాలేక నేను తోడుపోయాను.

ఒక పెద్ద ఆసుపత్రి. మన ప్రాంతం కాని కుర్ర డాక్టరు. “మేడమ్, మీరిప్పుడు ఎక్కడున్నారు?” అన్నాడు.

“ఇల్లే,” అంది టీచరు.

అతను రాసుకుని, నా వైపు తిరిగి గొంతు తగ్గించి, “చూశారా సార్, ఆసుపత్రిలో కూర్చుని ఇల్లంటున్నారు,” అన్నాడు.

కుప్పం నుంచి వచ్చినవాళ్లకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. మిగతావాళ్ల కోసం చెబుతాను. ఈమె కుప్పం అవతల, మూడు రాష్ట్రాలు కలిసేచోట మేకలు కాసుకునే ఇంట్లో పుట్టింది. వాళ్లమ్మ నంజమ్మ మాట్లాడేది కన్నడం. సంతలో బేరానికి అరవం. బడిలో తెలుగు. కన్నడంలో ‘ఇల్లే’ అంటే ‘ఇక్కడే’. ఎక్కడున్నారమ్మా అంటే ఇక్కడే ఉన్నానప్పా అని, అమ్మ నేర్పిన భాషలో, తప్పు లేని జవాబు చెప్పింది. ఆ మాట నేను డాక్టరుకు చెప్పాను. “టెస్టు తెలుగులో కదా సార్, జవాబు కూడా తెలుగులోనే తీసుకోవాలి,” అన్నాడు. నేను అరిచాను. గార్డు వచ్చి నన్ను బయట కూర్చోబెట్టాడు. (నవ్వులు) మూడు భాషల మధ్య దినామూ గంతులేస్తూ పెరిగిన బుర్ర అది. ఏ యాప్ ఇస్తుంది అలాంటి కసరత్తు? దాన్ని కొలవడానికి ఒక్క భాష తెలిసిన కాగితం పట్టుకొచ్చి, కాగితంలో లేని జవాబును జబ్బు అన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నేను ఉడికిపోతుంటే ఆమె నవ్వింది. “ఊరుకో గంగాధరా. వాడు అరవం డాక్టరయ్యింటే ఇంగా కష్టం. అరవంలో ‘ఇల్లే’ అంటే ‘లేదు’ గదా. ఈయమ్మ యాడా లేదు అని రాసుకుని సంతకం పెట్టేసుంటాడు.”

ఆ నవ్వు నాకు ఇంకా వినబడుతూనే ఉంది.

పరీక్ష ఫలితం కాగితం వచ్చాక ఆమె తానంతట తానే తప్పుకుంటానని రాసిచ్చింది. ఇంకా సర్వీసు ఉంది. నేను ఒప్పుకోలేదు. నిన్న సాయంత్రం పుంగనూరులో వాళ్లింటికి పోయాను, ఆ రాసిచ్చింది వెనక్కి తీసుకోమని, ఆ పరీక్ష చెల్లదని కొట్లాడదామని, యూనియన్ అంతా వెనకాల ఉందని చెప్పడానికి. మునస్వామి అన్న కాఫీ కలుపుతున్నాడు. టీచరు నన్ను చూసి సంతోషపడి, “తినేకొద్దీ ఆకలి పెరిగేది ఏందప్పా?” అని అడిగింది.

“నిప్పు,” అన్నాను.

“సరే. ఇంకోటి?”

“బోరు.” మెచ్చుకుంది. కాఫీ వచ్చింది. తాగాం. వానల గురించి రెండు మాటలు మాట్లాడుకున్నాం. గ్లాసు కింద పెట్టి, అప్పుడే నేను లోపలికి వచ్చినట్టు చూసి, “తినేకొద్దీ ఆకలి పెరిగేది ఏందప్పా?” అంది.

మునస్వామి అన్న మొహం తిప్పుకున్నాడు. నేను “అధికారం” అన్నాను. “బాగుండాది, ఇంకోటి?” అంది. కాసేపటికి మళ్లీ అదే అడిగింది. మళ్లీ. నేను ప్రతిసారీ కొత్త జవాబు వెతుక్కున్నాను, పాతది చెప్పడానికి సిగ్గేసింది. చివరికి నా దగ్గర జవాబులు అయిపోయాయి, ఆమె దగ్గర ప్రశ్న అయిపోలేదు.

కాబట్టి ఈ సభలో నా వాదనకు నేనే అడ్డం నిలబడి చెబుతున్నాను. ఆ పరీక్ష తప్పు. జబ్బు నిజం. తప్పుడు ప్రశ్నతో నిజం దొరికినంత మాత్రాన ప్రశ్న ఒప్పయిపోదు, కానీ దొరికిన నిజాన్ని నేను కాదనలేను. వెనక్కి తీసుకోమని అడగడానికి పోయినవాణ్ని అడక్కుండానే లేచాను.

గడప దాకా వచ్చింది. అప్పుడు, ఎక్కడినుంచి వచ్చిందో ఆ తేట, మామూలు గొంతుతో చెప్పింది. “నేను మర్సిపోతాండానని నాకు తెల్సు గంగాధరా. పిలకాయల ముందర నిలబడితే మాత్రం మాటలు వస్తాయి. అది యాలనో, ఎందుకనో నాకు తెలీదు. ఈడ గోడలుండాయి. గోడలు ఏం చెప్పినా ఊరుకుంటాయప్పా, ఎదురు చెప్పవు.”

అందుకే పురుషోత్తం గారూ, పొద్దున మీ గదిలో అడిగింది ఇప్పుడు అందరి ముందూ అడుగుతున్నాను. ఉద్యోగం వద్దు. హాజరు పట్టీలో పేరు వద్దు. ప్రార్థన అయ్యాక, హాజరు పిలవకముందు, కొంచెంసేపు, పిల్లల ముందర ఒక కుర్చీ. అంతే. అడిగిందే అడుగుతుంది. అడగనివ్వండి. కొత్త జవాబు వెతుక్కునే పని పిల్లలది, మంజుల బల్లలో ఈ పొద్దు కూర్చున్నవాళ్లది. ఆమెకు మేలు జరుగుతుందో లేదో నాకు తెలియదు, డాక్టరు గారికీ తెలియదు. రేపటి కంటే ఎల్లుండి ఆమె జ్ఞాపకం ఇంకా తగ్గుతుందని మాత్రం ఇద్దరికీ తెలుసు. ఉన్నంత కాలమైనా ఎవరో ఒకరు ఎదురు చెప్పే చోట ఆమెను ఉండనివ్వమని అడుగుతున్నాను.

మీరు పొద్దున ఏమన్నారో కూడా చెబుతాను. “రిటైరైన మనిషిని లోపల కూసోబెడితే పైనుంచి అడుగుతారు గంగాధరా. ఇంట్లో హాయిగా రెస్టు తీసుకోనీ.” మీరు చెడ్డవారు కాదు. మీకూ భయాలున్నాయి. కానీ సార్, రెస్టు పేరుతో ఆమెకు మనం ఇస్తున్నది ఆ గోడలనే.

ఒక్క పని చేసి దిగిపోతాను. ఆ మైకు ఇటివ్వండి. మునస్వామన్నా, కొంచెం ఆ శాలువాలు పక్కకు తియ్యన్నా, ఊపిరాడనీ. టీచర్, నేను గంగాధర్‌ని. రేపు పొద్దున ప్రార్థన గంట కొట్టేటప్పుడు మీరు ఎక్కడుంటారు?

(టీచరు మైకు అందుకున్నారు. చాలాసేపు సభను చూశారు. కిటికీల వైపు చూశారు.)

“ఇల్లే.”

(మైకు తిరిగి గంగాధర్‌కు ఇచ్చారు.)

విన్నారు కదా. ఏ భాషలో అన్నదో నన్ను అడక్కండి, నాకు నిజంగా తెలియదు. ఆమెకైనా తెలుసో లేదో. అది తేల్చే అధికారం ఈ పొద్దు ఆమె చేతుల్లో లేదు, అధ్యక్షుల వారి చేతుల్లో ఉంది. పురుషోత్తం గారూ, మీకు ఏ భాషలో వినబడింది? ఇప్పుడే చెప్పనక్కర్లేదు. రేపు గంట కొట్టే వేళకు ఆ కుర్చీ అక్కడ ఉంటే మీ జవాబు మాకు తెలుస్తుంది, లేకపోయినా తెలుస్తుంది.

కొట్లాడొద్దన్న మాట నిలబెట్టుకోలేకపోయాను, ఓపిగ్గా విన్నందుకు అధ్యక్షులకు, డాక్టరు గారికి, సాంబారు చల్లారిపోతున్నా కూర్చున్న మీ అందరికీ కృతజ్ఞతలు. టీచర్, మీరు నన్ను అడిగినదానికి రాత్రి ఇంటికి పోయాక ఇంకోటి దొరికింది. తినేకొద్దీ ఆకలి పెరిగేది, మరపు. దీని మీద ఎవరైనా నాతో వాదించి నన్ను ఓడించండి, బతుకంతా రుణపడి ఉంటాను.

సెలవు.