తవిటమ్మ డబ్బా, చంద్రమౌళి కంప్యూటరు

ఇంతకు ముందు నేనేదీ రాయలేదు. ఐదో తరగతి అయ్యాక పెన్ను పట్టుకున్నది గ్యాసు బండ కాయితం మీద సంతకం పెట్టడానికే. "నేను" అని మొదలుపెడితే సిగ్గేసి చెయ్యి కదలడం లేదు. అందుకని టీ కొట్టు మనిషిని తవిటమ్మ అనే రాస్తాను, ఎవరో వేరే మనిషైనట్టు.

నరసన్నపేటలో హైవే దిగి బజారు వైపు మళ్ళే చోట తవిటమ్మ టీ కొట్టు ఉంది. భోగాపురంలో విమానాశ్రయం వస్తుందని పేపర్లో అస్తమానం రాస్తున్న రోజులవి. శ్రావణ మాసం, మబ్బు పట్టిన మధ్యాహ్నం. కొట్టు ముందు బల్ల మీద ముగ్గురు కూర్చున్నారు. ఈ చివర బియ్యం కొట్టు రంగనాథం గారు, ఆ చివర ఆటో నూకయ్య, మధ్యలో చంద్రమౌళి. చంద్రమౌళిది పక్క వీధిలో జిరాక్సు కొట్టు. శుభలేఖలు కూడా కొడతాడు. వినే మనుషులు ఇద్దరు దొరికితే చాలు, చేతిలో టీ చల్లారిపోయినా చూసుకోడు.

"సిన్న పనే అనుకోండి," అని మొదలెట్టాడు ఆ వేళ. "నా కార్డులన్నీ కంప్యూటర్లో ఎక్కించీసినాను."

"ఏ కార్డులు బావా, రేషను కార్డులా?" అన్నాడు నూకయ్య.

"కాదెహె. క్రికెట్టు బొమ్మల కార్డులు. బబుల్‌గమ్ముల్లో వస్తాయి సూడు, అవి. సిన్నప్పట్నుంచీ కూడబెట్టినాను."

పొయ్యి దగ్గర తవిటమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

ఆ కార్డులు చంద్రమౌళివి కావు, తవిటమ్మవి. కొట్టు పెట్టిన కొత్తలో ఆమె సీసాలో పోసి బబుల్‌గమ్ములు అమ్మేది. బడి పిల్లలు కొనుక్కుని, గమ్ము నోట్లో వేసుకుని, ఉన్న బొమ్మే మళ్ళీ వచ్చిందని కార్డు అక్కడే పడేసి పోయేవారు. సాయంత్రం చీపురు పట్టుకుంటే ఆ బొమ్మలు కాళ్ళ దగ్గర నవ్వుతూ కనిపించేవి. ఊడ్చెయ్యడానికి మనసొప్పలేదు. ఒకటి తీసింది, రెండు తీసింది, పద్దెనిమిదేళ్ళకి బిస్కెట్ల డబ్బా నిండింది. ఆమెకి క్రికెట్టు తెలీదు. ఎవరి మొహం ఎలా ఉంటుందో, ఎవరి వెనక ఏ నంబరు ఉంటుందో మాత్రం తెలుసు. నలభై ఏడేళ్ళ మనిషి పిల్లల బొమ్మలు దాచుకుందంటే నవ్వుతారని ఇంట్లో కూడా చెప్పలేదు.

మూడు వారాల క్రితం ఆధార్ జిరాక్సుకి వెళ్ళినప్పుడు, కొట్లో ఎవరూ లేరని చూసుకుని, "బాబూ, ఇలాటి బొమ్మల్లో నా దగ్గర ఏ నంబర్లు లేవో కంప్యూటరు సెప్తాదా?" అని అడిగింది.

"డబ్బా నాకిచ్చీ అప్పా. దీనికో సాఫ్ట్‌వేర్ ఉన్నాది. వారంలో కాయితం తీసి సేతిలో పెడతాను," అన్నాడు.

వారం కాస్తా మూడు వారాలైంది. అడుగుదామంటే అతను ఎప్పుడు చూసినా నలుగురి మధ్యనే ఉంటాడు. నలుగురిలో అడిగితే ఆమె గుట్టు బయటపడుతుంది. ఇప్పుడు ఆమె కళ్ళ ముందే అవి అతని కార్డులైపోయాయి.

"సాఫ్ట్‌వేర్ అంటే ఏటనుకున్నారు?" చంద్రమౌళి కాళ్ళు బారజాపాడు. "ముందు కార్డుని స్కానర్లో పెట్టాలి, ఇటు ఒకసారి, తిప్పి అటు ఒకసారి. తర్వాత గడులుంటాయి. పేరొక గడి, దేశం ఒక గడి, నంబరొక గడి, కార్డు ఏ తీరున ఉన్నాదో అదొక గడి. మహా మొండిది. ఒక్క గడి ఖాళీగా ఒగ్గీసినావనుకో, ఎర్రగా మెరిసి అక్కడే ఆగిపోతాది. అలాటి దాంతో నానొక్కడినే కూకుని మొదటి రోజు వెయ్యి కార్డులు కొట్టీసినాను."

"ఒక్క రోజులోనేట్రా?" అన్నారు రంగనాథం గారు.

"మొదటి రోజు గదా మావా, సెయ్యి ఇంకా తిరగలేదు. రెండో రోజు మూడు వేలు. వేళ్ళు తగిలి తగిలి కీబోర్డు మీద అచ్చరాలు అరిగిపోయి అద్దంలాగ అయిపోనాది. కంప్యూటరు వేడెక్కీసి ఒకటే పొగ. తడి గుడ్డ కప్పితే ఆ గుడ్డ ఆరిపోయి, ఇస్త్రీ కూడా అయిపోయి, మడతలతో సహా కింద పడింది. అంతలో కరెంటు పోయింది. ఆ తర్వాత ఏటైందో తెలుసా?"

"ఆగిపోయుంటాది," అన్నాడు నూకయ్య.

"ఆగిపోతే మీకు సెప్పడమెందుకు? సైకిలు తొక్కడం మానీసినా కొంత దూరం పోద్దా, పోదా? నాను కొట్టిన ఊపుకి కరెంటు లేకుండా ఇరవై నిమిషాలు నడిసింది. కరెంటాఫీసోళ్ళు పరిగెట్టుకొచ్చి మీటరు సూసి, 'ఏటి బాబూ, నువ్వే మాకు ఎదురు పంపుతన్నావు' అని దండం పెట్టి ఎలిపోనారు."

నూకయ్య కిసుక్కున నవ్వి, గ్లాసు తవిటమ్మ వైపు జరిపాడు. "అప్పా, ఇంకో టీ. ఇది ఇప్పట్లో తెమిలీలాగ లేదు."

తవిటమ్మ పోసింది. టీ సగం గ్లాసులో పడింది, సగం బల్ల మీద పడింది.

"అలగ పదకొండు వేల కార్డులు ఎక్కినాయి. ఒక మీట నొక్కితే దేశాల వారీగా, ఇంకో మీట నొక్కితే నంబర్ల వారీగా, బళ్ళో ప్రార్థన కాడ పిల్లల్లాగ వరసగా నిలబడతాయి. ఇంకోటున్నాది, 'లేనివి' అని. అది నొక్కినాను. డెబ్బై మూడో నంబరు లేదంది."

తవిటమ్మ పొయ్యి వదిలి బల్ల వైపు ఒక అడుగు వేసింది. ఇన్నాళ్ళూ తను తెలుసుకోవాలనుకున్నది అదే. అంటే కంప్యూటరు నిజంగానే చెప్పింది. తనకి చెప్పాల్సిన మాట ఇతను ఇక్కడ టీ తాగుతూ వీళ్ళకి చెబుతున్నాడు.

"లేదని సెప్పి ఊరుకుందేటి? తెర మీద పటం వొచ్చింది. బాణం గుర్తొకటి తిరిగి తిరిగి గజపతినగరం మీద వాలింది. ఊర్లో వీధి, వీధిలో కొట్టు, కొట్లో మూడో అర, అరలో బెల్లం దిమ్మ. బండేసుకుని ఎళ్ళి దిమ్మ ఎత్తితే దాని కింద డెబ్బై మూడు! ఒక్క సీమ ముట్టుకోలేదు మావా. మర్యాదగా పక్కనుంచి పోతన్నాయి."

"గజపతినగరంలో బెల్లం కొట్టు మా తోడల్లుడిదే," రంగనాథం గారు గడ్డం గోక్కున్నారు. "మొన్న పెళ్ళిలో కలిసినాడు. మాటన్నా అనలేదే!"

"ఎలగంటాడు? ఎవరికీ సెప్పనని నా సేతిలో సెయ్యేసి ఒట్టెట్టినాడు గదా. ఆయన మాట మీద నిలబడ్డ మనిసి."

తోడల్లుడిని పొగిడాక రంగనాథం గారు తలూపేశారు. చంద్రమౌళికి అది చాలు.

"ఇదొక లెక్కా? ఒక రోజు కంప్యూటరు ఆపడం మరిసిపోయి ఇంటికెళిపోనాను. పొద్దున్నే షట్టరెత్తితే లోపల ఒకటే గోల, సప్పట్లు. ఏటని సూద్దును గదా, కార్డుల్లో మనుసులందరూ గడులు దాటి బయటికొచ్చీసి తెర మీద మేచీ ఆడతన్నారు. ఎవడో కొట్టిన బంతి తెర దాటి వొచ్చి నా లామినేషన్ మిషను పగలగొట్టీసింది."

"లామినేషన్ మిషను ఉగాదికే పాడైపోనాదని సెప్పినావు గదేటి బావా?"

"అది మొదటి బంతి. ఇది రెండోది."

నూకయ్య దండం పెట్టేశాడు. చంద్రమౌళి ఆ దండం తీసుకుని, గొంతు తగ్గించి, ముందుకి వంగాడు.

"అసలు మాట సెప్తన్నాను, బయటికి పొక్కనీకండి. భోగాపురంలో విమానాలు దిగీది ఎందుకనుకున్నారు? నా కార్డుల సంగతి నెట్లో ఎక్కింది. ఇంగ్లాండు నుంచి, ఆస్ట్రేలియా నుంచి సూడ్డానికొచ్చీ జనం విశాఖపట్నంలో దిగి, బస్సులో నిలబడి, ఇక్కడిదాకా రావాలంటే ఏం బాగుంటాది? పెద్ద పెద్ద ఆఫీసర్లు నా కొట్టుకొచ్చి, 'ఏమండీ చంద్రమౌళి గారూ, నరసన్నపేటలోనే కట్టీమంటారా?' అని అడిగినారు. వొద్దన్నాను. వరి సేలన్నీ పోతాయి, రైతులు గోలెట్టీస్తారు, కొంచెం దూరమైనా భోగాపురంలోనే కట్టండి, నాకేం పర్లేదు అన్నాను."

"ఎంత మంచి మనసు బావా!" నూకయ్య కళ్ళు తుడుచుకున్నాడు, నవ్వి నవ్వి వచ్చిన నీళ్ళు.

"నువ్వు నవ్వుతావు. రేపు పొద్దున పదింటి బస్సుకి విశాఖపట్నం నుంచి ఒకాయన వస్తన్నాడు. కార్డులు పోగేసీ మనిసి, నెట్లో తగిలినాడు. డబ్బా మొత్తం ఇచ్చీమన్నాడు. ఇచ్చీద్దామనుకుంటన్నాను. ఎన్నాళ్ళు దాస్తాం, పదిమందీ సూడాలి గదా."

పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. తవిటమ్మ వాటిలో టీ పొడి వెయ్యడం మరిచిపోయింది. మిగతావన్నీ కోతలైతే ఇది కూడా కోతే అయ్యుండాలి. కాకపోతే? రేపు పదింటికి డబ్బా బస్సెక్కిపోతే?

"ఒరే మౌళీ, ఇంత సెప్తన్నావు, ఒక్క రుజువు సూపించరా," అన్నారు రంగనాథం గారు.

అతను ఆ మాట కోసమే కాచుకున్నట్టు సంచీలోంచి కాయితాల కట్ట తీసి బల్ల మీద పరిచాడు. "కంప్యూటర్లోంచి తీసిన జాబితా. శుభలేఖలు కొట్టీ సెయ్యి గదా, అంతా తెలుగులోనే. మనిసి అబద్ధమాడతాడు గాని సాఫ్ట్‌వేర్ ఆడదు. సూసుకోండి."

రంగనాథం గారికి కళ్ళజోడు లేదు. నూకయ్య తలకిందులుగా పట్టుకుని చూస్తున్నాడు.

"ఇలగియ్యండి."

ఎవరా అని ముగ్గురూ తలెత్తారు. ఆ కొట్లో ఇన్నేళ్ళలో ఆమె ఒకరి మాట మధ్యలో కల్పించుకోవడం అదే మొదలు. తవిటమ్మ చేతులు కొంగుకి తుడుచుకుని కాయితం అందుకుంది. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, బళ్ళో నిలబడి పాఠం అప్పజెప్పినట్టు పైకే చదివింది.

"యజమాని, చంద్రమౌళి. ఒకటో కార్డు. వెస్టిండీసు. కార్డు తీరు, కుడి మూల పసుపు మచ్చ. రెండో కార్డు. శ్రీలంక. కార్డు తీరు, కుడి మూల పసుపు మచ్చ. మూడో కార్డు. కుడి మూల పసుపు మచ్చ. నాలుగు. కుడి మూల పసుపు మచ్చ."

"పాతవి గదా, రంగు దిగింది," అన్నాడు చంద్రమౌళి.

"అన్నిటికీ కుడి మూలేనేటి బాబూ?"

అతను చల్లారిన టీ ఎత్తి గటగటా తాగేశాడు.

నూకయ్యకి ముందు వెలిగింది. "ఓలమ్మ! అది రంగు కాదు. కొత్త సీరకి, కొత్త సొక్కాకి ఎడతారు గదా, ఆ పసుపు! మా అమ్మ నా ఆటోకి కూడా ఎట్టింది."

"మా ఇంట్లో కొత్తది ఏదొచ్చినా పసుపెట్టకుండా లోపల దాసం," అంది తవిటమ్మ. "నానే ఎట్టినాను. ఆ బొమ్మలు నావి. ఊడిసినప్పుడు ఏరుకున్నాను. మూడు వారాల నాడు ఈ బాబుకి ఇచ్చినాను."

నవ్వుతారని ఆమె తల దించుకుంది. ఎవరూ నవ్వలేదు. రంగనాథం గారు కట్ట కిందనుంచి ఆఖరి కాయితం లాగి, చెయ్యి బారెడు దూరం జరిపి చూశారు. "ఆఖరి వరస నంబరు నాలుగొందల పన్నెండు. మరి పదకొండు వేలేవిరా?"

"మిగతావి విమానంలో ఉన్నాయి మావా," అన్నాడు నూకయ్య. "దిగడానికి భోగాపురంలో ఇంకా కట్టలేదు గదా, పైనే తిరుగుతన్నాయి."

అప్పుడు నవ్వారు. పక్కన సైకిలు కొట్టువాడు కూడా ఏమిటో తెలీకుండానే నవ్వాడు.

చంద్రమౌళి మొహం చిన్నబోయింది. "దొంగిలించలేదప్పా. యజమాని గడి ఖాళీగా ఒగ్గీస్తే ముందుకి కదల్లేదు. తొందర్లో నా పేరు కొట్టీసినాను. తర్వాత సూసుకుంటే... బాగుంది."

"నా పేరు కూడా పట్టును కదా బాబూ ఆ గడిలో," అంది తవిటమ్మ.

అతను కొట్టు తాళంచెవి తీసి నూకయ్య చేతిలో పెట్టాడు. నూకయ్య ఆటో తీశాడు. పావుగంటలో డబ్బా వచ్చింది. తవిటమ్మ మూత తీసి, అక్కడే నిలబడి, నాలుగొందల పన్నెండూ లెక్కపెట్టుకుంది. రంగనాథం గారు పక్కకొచ్చి, "ఇందులో కళ్ళజోడెట్టుకున్న బౌలరొకడు ఉండాలమ్మా, మా రోజుల్లో వాడు..." అని వంగి చూశారు. ఆమె వెతికి తీసి చూపించింది.

మర్నాడు పొద్దున జిరాక్సు కొట్టు షట్టరు తియ్యలేదు. పదింటి బస్సు ఆగింది. నల్ల ఫైలొకటి చంకలో పెట్టుకుని, నెరిసిన జుట్టున్న ఒకాయన దిగాడు. తిన్నగా కొట్టుకొచ్చి, "టీ ఇవ్వమ్మా. ఇక్కడ చంద్రమౌళి గారని, పదకొండు వేల కార్డులు ఉన్నాయట, ఆయన ఇల్లెక్కడ?" అన్నాడు.

బల్ల మీద ఉన్న నూకయ్యకి పొలమారింది. నిన్నటి మాటలన్నిటిలో నిజమైన మాట ఈయన రావడమొక్కటే!

తవిటమ్మ ఆయనకి టీ పోసి ఇచ్చింది. బల్ల శుభ్రంగా తుడిచింది. చెయ్యి కడుక్కుంది. లోపలికెళ్ళి డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"పదకొండు వేలు కాదు, నాలుగొందల పన్నెండు. నావే," అంది.

ఆయన మూత తీసి చూశాడు. టీ పక్కన పెట్టేశాడు. ఒక కార్డు, ఇంకో కార్డు వెలుగుకి పెట్టి తిప్పుతూ, "మొత్తం ఎంతకిస్తావమ్మా?" అన్నాడు.

"అమ్మను బాబూ. రెండేసి ఉన్నవుంటే మార్సుకుందాం." తవిటమ్మ కొంగు బిగించి, బల్లకి ఈ పక్కన, జీవితంలో మొదటిసారి తన కొట్లో తను కూర్చుంది. "ముందు మీ ఫైలు తియ్యండి, సూద్దాం."